సగం గుండు, మూడు వాటాలు

నేను ఒక సెలూన్ కుర్చీని. చీరాల స్టేషన్ రోడ్డులో మాల్యాద్రి సెలూన్ అంటే ఎవరైనా చూపిస్తారు, అందులో అద్దానికి ఎదురుగా ఉండేది నేనే. కుర్చీలన్నిటిలోకీ మా జాతికి కాస్త పొగరెక్కువ. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు ఎదుటివాడిని నిలబెట్టి మాట్లాడతాడు. నా మీద కూర్చున్నవాడు మాత్రం ఎంతటి మొనగాడైనా మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, గొంతు ఇంకొకరి చేతికి అప్పగించాల్సిందే. అందుకే మనుషుల గురించి నాకు తెలిసినంత ఏ కుర్చీకీ తెలియదని నా నమ్మకం.

నేను పుట్టింది మద్రాసులో, ఒక పోతపని కార్ఖానాలో. తల నుంచి పాదం దాకా ఇనుమే. కూర్చునే చోట మాత్రం తోలు. అదే అచ్చులో నాకొక తోడు కుర్చీని కూడా పోశారు. ఇద్దరినీ గూడ్సు బండి ఎక్కించి ఇక్కడి పొగాకు కంపెనీ దొరల క్లబ్బుకు పంపారు. దొరల గడ్డాలు ఎర్రగా, గరుగ్గా ఉండేవి. ఎండ తట్టుకోలేక నా మీద కూర్చునే వాళ్లు నిద్రపోయేవారు. వాళ్లు పెట్టేబేడా సర్దుకుని ఓడెక్కాక క్లబ్బు సామానంతా వేలం వేశారు. బల్లలు షావుకార్లు పాడుకున్నారు. మమ్మల్ని మాత్రం అంకయ్య అనే మంగలి పాడుకుని, ఎడ్లబండి మీద స్టేషన్ రోడ్డుకు తెచ్చుకున్నాడు. దారి పొడుగునా మేం కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడే వచ్చాడు. దొరల క్లబ్బులో నాకు అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

అంకయ్యకు ఒక బాధ ఉండేది. తండ్రి పోయినప్పుడు అతనూ అతని అన్నా ఒక పశువుల కొట్టం కోసం కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేసరికి కొట్టం కూలిపోయింది, అన్న పోయాడు. గెలిచావని అంకయ్యకు చెప్పిన రోజున అతను ఇదే షాపులో నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాతే ఇంట్లో ఒక ఆనవాయితీ పెట్టాడు. తండ్రి పోతే, దినం నాడు కొడుకులకు బయటి మనిషి గుండు చేయకూడదు. ఈ షాపులో, ఈ కుర్చీలో, ఒకరి తల ఒకరు గొరగాలి. మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి, మధ్యలో చెయ్యి మారకూడదు.

"కత్తి అన్న చేతిలో ఉన్నప్పుడు మెడ వంచగలిగినోడే తమ్ముడు. ఆ పని చేయగలిగితే కోర్టు అక్కర్లేదు, చేయలేకపోతే ఏ కోర్టూ వాళ్లని కలపదు" అనేవాడు అంకయ్య.

అంకయ్య తర్వాత అతని ఒక్కగానొక్క కొడుకు మాల్యాద్రి నాకు యజమాని అయ్యాడు. అన్నదమ్ములెవరూ లేరు కాబట్టి ఆనవాయితీకి అప్పుడు పని పడలేదు. మాల్యాద్రి చెయ్యి ఎంత తేలిక అంటే, గీయించుకున్నాక కూడా కొందరు ఇంకా మొదలుపెట్టలేదేమో అని అలాగే కళ్లు మూసుకుని ఉండేవారు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దది మస్తానమ్మ, తర్వాత సింగరయ్య, ఆఖరివాడు హజరత్తయ్య. సింగరయ్య పని నేర్చుకుని గుంటూరు వెళ్లి ఏసీ సెలూన్ పెట్టాడు. వెళ్లేటప్పుడు నా తోడు కుర్చీని తీసుకెళ్లాడు. హజరత్తయ్యకు మొదటి నుంచీ కత్తెర మీద కంటే కరెంటు మీదే మనసు. లైన్‌మన్ అయ్యాడు.

ఆ తోడు కుర్చీ దగ్గరే అన్నదమ్ములకు చెడింది. అన్న తన వాటా మోసుకుపోయాడని తమ్ముడన్నాడు, నాన్న ప్రేమతో ఇచ్చాడని అన్న అన్నాడు. పెళ్లిళ్లలో కనబడితే ఒకరు పందిరికి ఈ చివర, ఒకరు ఆ చివర భోంచేసేవారు. మాల్యాద్రి దాన్ని ఇచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన ఏమన్నాడో విన్నాను. కానీ సాక్ష్యం చెప్పడానికి కుర్చీని ఎవరు పిలుస్తారు?

ఇక మస్తానమ్మ సంగతి. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, షాపు వెనక గదిలో తండ్రితో ఉండేది. మాల్యాద్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు షాపు మూతపడుతుందనే అందరూ అనుకున్నారు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ షట్టర్ ఎత్తింది. నా తోలు తుడిచింది. తండ్రి కత్తిని తోలుపట్టీకి సాన పట్టి, కొంగు బొడ్లో దోపుకుని నిలబడింది. వచ్చినవాళ్లు గుమ్మం దాకా వచ్చి, "నాన్న లేడామ్మా?" అని అడిగి వెనక్కి పోయారు. ఆడమనిషి చేతికి గడ్డం ఇవ్వడానికి వాళ్లకు సిగ్గు. ఆ ఆడమనిషి చేతి అన్నం తినడానికి లేని సిగ్గు గడ్డం దగ్గర ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందుగా వచ్చి కూర్చున్నది ప్లీడరు శేషఫణి గారు. "కానియ్యమ్మా, నా మొహం కోర్టులో రోజూ కోయించుకునేదే" అన్నారు. నురగ వెనక నుంచి ఆయన చెంప నున్నగా బయటికి వస్తుంటే, అచ్చం మాల్యాద్రి చేతి తేలికే నాకు తెలిసింది. అప్పటి నుంచి తండ్రికి మందులూ, అన్నమూ, రాత్రిళ్లు పక్క మార్చడం, పగలు షాపు, అన్నీ ఆవిడే. కొడుకులు పండగలకు వచ్చి తండ్రిని చూసి కళ్లు ఒత్తుకుని వెళ్లేవారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎవరి సంసారం వాళ్లకు నెత్తిన ఉంది, అంతే.

మాల్యాద్రి పోయాడు. వీలునామా రాయలేదు. రాయడానికి ఏముంది గనకా? బైపాస్ దగ్గర ఒక ఇళ్ల స్థలం, బ్యాంకులో చిన్న డిపాజిట్టు, భార్య వదిలిపోయిన నాలుగు తులాల బంగారం, ఈ షాపూ. కానీ ఉన్నది కాస్తే అయినా పోట్లాటకు సరిపోతుంది కదా.

దినానికి రెండు రోజుల ముందు శేషఫణి గారు గడ్డానికి వచ్చి, నా మీద కూర్చుని అసలు విషయం చెప్పారు. "చూడు మస్తానమ్మా, చట్టం ముందు మీరు ముగ్గురూ సమానం. ఇంత చిన్న ఆస్తికి కోర్టు గడప తొక్కాల్సిన పని లేదు. మీలో మీరు ఒప్పుకుని ముగ్గురూ సంతకాలు పెడితే బ్యాంకు వాళ్లూ ఇస్తారు, మిగతావీ జరిగిపోతాయి. నేను రాసిపెడతాను. కానీ ఒక్కరు మొహం తిప్పుకున్నా దావాయే. దావా నడిచినన్నాళ్లు షాపుకు తాళం పడుతుంది."

"ఎన్నాళ్లు నడుస్తదయ్యా?"

"నా ఫీజుతో మా మనవడి చదువు పూర్తయ్యేంత కాలం" అన్నారు ఆయన. తన పొట్ట తాను కొట్టుకునే సలహా ఇచ్చి, గడ్డం డబ్బులు కూడా ఇచ్చి వెళ్లిన ప్లీడరును నేను ఆయననే చూశాను.

ఆయన వెళ్లాక మస్తానమ్మ చాలాసేపు నా చేతి మీద చెయ్యి వేసి నిలబడింది. షాపుకు తాళం పడితే ఆవిడకు కూడూ లేదు, గూడూ లేదు. యాభై దాటిన ఆడమనిషికి కత్తి చేతికిచ్చి పని ఇచ్చే సెలూన్ ఈ జిల్లాలో ఇంకొకటి లేదు. నాకు గుండె లేదు. ఆ రోజు లేకపోవడమే మంచిదనిపించింది, ఉంటే పగిలిపోయేది.

దినం నాడు పొద్దున్నే అన్నదమ్ములు వచ్చారు. గుండ్లు అయ్యాక ఓడరేవుకు పోయి సముద్రంలో మునిగి పిండాలు పెట్టాలి. కర్మ చేయించే అయ్యవారు అప్పటికే అక్కడికి చేరి ఎదురుచూస్తున్నాడు. బయట ఆటో నిలబడి ఉంది. ముందు సింగరయ్య నా మీద కూర్చున్నాడు. హజరత్తయ్య మాట్లాడకుండా తండ్రి కత్తి తీసుకున్నాడు. పని మానేసినా చేతికి మరుపు రాలేదు. కుడివైపు నున్నగా వచ్చింది. అంకయ్య ఆనవాయితీ పని చేస్తోందని నేను లోలోపల మురిసిపోతున్నాను. అంతలో సింగరయ్య నోరు తెరిచాడు.

"దినం అవంగానే తాళం వేయిస్తన్నా. ఇక్కడ నా రెండో బ్రాంచి పెడతా. పెద్దకొడుకుని, వాటాలు నేనేస్తా. మీకు రావాల్సింది మీకిస్తాలే."

కత్తి ఆగింది. "నీ వాటా ఎప్పుడో గుంటూరు మోసకపోయావుగా. ఇంకేంది నీకు వాటా?"

"అది నాన్న ఇచ్చాడ్రా!"

"ఎవురు చూశారు?"

నేను చూశాను నాయనా, అని అరవాలనిపించింది.

"కోర్టులో తేల్చుకుందాం అయితే" అన్నాడు సింగరయ్య.

"తేల్చుకో, పో" అని హజరత్తయ్య కత్తి మడిచి అద్దం ముందు పడేసి, రోడ్డు దాటి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

సింగరయ్య విసురుగా లేచాడు. గుమ్మం దాకా వెళ్లాడు. ఎదురుగా రైలు దిగిన జనం వస్తున్నారు. గభాల్న వెనక్కి వచ్చి అద్దంలో చూసుకున్నాడు. కుడివైపు గుండు, ఎడమవైపు రంగు వేసిన ఒత్తయిన జుట్టు. గుంటూరులో తన ఏసీ సెలూన్ బయట ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ జుట్టే. ఆ అవతారంతో కోర్టుకు కాదు కదా, టీకొట్టు దాకా కూడా వెళ్లలేడు.

"అక్కా, నువ్వు గీసెయ్యి" అన్నాడు, మళ్లీ నా మీద కూలబడి.

"చెయ్యి మారకూడదు రా. తాత మాట."

"ఏం తాత మాటక్కా! అయ్యవారు ఆడ సముద్రం కాడ ఎండలో ఉన్నాడు. నేను ఇట్టా ఎట్టా పోయేది?"

"వాడొచ్చి గీసిందాకా పోలేవు. కూర్చో."

నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి. చుట్టం ఎవరో గుమ్మంలో తల పెట్టి చూసి, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. హజరత్తయ్య రెండో టీ చెప్పాడు. కర్మకు తోడుగా వద్దామని బయల్దేరిన శేషఫణి గారు షాపులోకి వచ్చి, సింగరయ్య తల చూసి, బల్ల మీద కూర్చుని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు కాసేపు ఊగుతూనే ఉంది.

మస్తానమ్మ గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

"హజరత్తూ! ఇటు రా. వాటాలేస్తన్నా."

ఇద్దరూ ఒకేసారి ఆవిడ వంక చూశారు.

"నువ్వా?" అన్నాడు సింగరయ్య.

"పెద్దోళ్లు వాటాలెయ్యాల, చిన్నోళ్లు ముందు కోరుకోవాల. మన ఇళ్లల్లో పంపకాలు అట్టాగే గదా? ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను. నువ్వు నా తరవాతోడివి. నేను వాటాలేస్తా. ముందు హజరత్తు కోరుకుంటాడు, తరవాత నువ్వు. మిగిలింది నాది."

శేషఫణి గారు పేపరు దించారు. వాటాలు వేసే మనిషి ఆఖరున తీసుకోవాలంటే దొంగ వాటాలు వేయడానికి వీల్లేదు, అదే ఆ పద్ధతిలోని కిటుకు. కానీ ఆవిడ ఏం చేస్తోందో నాకూ ఆయనకూ అర్థమైంది. పెద్దరికం అడిగి తీసుకుంది, దానితో పాటు చేతిలో ఉన్న షాపును ఇద్దరి ముందూ పెట్టేసింది. ఇద్దరిలో ఎవరు వేలు చూపినా ఆవిడ వీధిలో పడినట్టే. నోరు మూసుకుని కూర్చుంటే ఈ పంపకాల పద్ధతి పేరు ఎవరూ ఎత్తి ఉండేవారు కారు. ఇన్ని తరాల మనుషుల బరువు మోశాను. అంత నిబ్బరంగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు.

హజరత్తయ్య గ్లాసు పెట్టేసి వచ్చాడు.

"ఒకటి, బైపాస్ కాడ స్థలం. రెండు, బ్యాంకులో డబ్బు, అమ్మ బంగారం కలిపి. మూడు, ఈ షాపు, వెనక గది, ఇందులో ఉన్న సామాను. షాపు విలువ ఎక్కువ, అందుకని నాన్న మందుల బాకీ, ఈ దినం ఖర్చు షాపు తీసుకున్నోళ్లు కట్టాల. వెనక గోడ వానకు చెమ్మ కొడతది, దాయను. కానీ స్టేషన్ రోడ్డు షాపు, బాడుగకిచ్చినా బంగారమే. అది కూడా చెప్తన్నా."

అయ్యో, ఆ చివరి మాట ఎందుకమ్మా అనుకున్నాను. చెమ్మ గోడ దగ్గర ఆపేస్తే సరిపోయేది కదా. కానీ అలా ఆపితే ఆవిడ మస్తానమ్మ కాదు.

"మరి వాడు తీసకపోయిన కుర్చీ?" అన్నాడు హజరత్తయ్య.

"నాన్న బతికుండగా ఇచ్చినయ్యి వాటాల్లోకి రావు. వస్తాయంటే చెప్పు, నీ ఉజ్జోగం కోసం నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగి అరగదీసిన చెప్పులు కూడా లెక్కేస్తా."

హజరత్తయ్య తల వంచుకున్నాడు. "నాకు స్థలం చాలు. స్తంభాలెక్కేవోడికి కత్తెర్లెందుకక్కా" అన్నాడు. అని, ఎవరూ చెప్పకుండానే కత్తి విప్పి అన్న తల మీద చెయ్యి పెట్టాడు. రెండోవైపు జుట్టు కూడా రాలింది. కత్తి మెడ వెనక్కి వచ్చినప్పుడు సింగరయ్య మెడ వంచాడు. చిన్నప్పుడు ఇదే షాపులో వాళ్ల నాన్న ముందు ఎలా వంచేవాడో, అలాగే.

ఇప్పుడు సింగరయ్య వంతు. అతను కోరుకోవాలి, తమ్ముడి తలా గొరగాలి. "ముందు తల కానియ్యి" అంది మస్తానమ్మ.

తమ్ముణ్ణి నా మీద కూర్చోబెట్టి కత్తి పట్టాడు. ఏసీ సెలూన్‌లో పనంతా కుర్రాళ్లదే, అతను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. మిషన్లకు అలవాటు పడ్డ చేతికి తండ్రి కత్తి లొంగలేదు. చెవి పైన గాటు పడింది. ఎర్రగా నెత్తురు చుక్క.

"అబ్బా" అన్నాడు హజరత్తయ్య, కానీ మెడ తీయలేదు.

మస్తానమ్మ పటిక ముక్క తడిపి గాటు మీద అద్దింది. "కత్తి నిలబెట్టమాక సింగరా. పడుకోబెట్టు. నాన్న ఎట్టా పట్టేవాడో గుర్తు తెచ్చుకో" అని పక్కనే నిలబడింది, చెయ్యి మాత్రం వేయలేదు. సింగరయ్య ఆవిడ వేళ్ల వంక చూశాడు. చూపుడువేలు పక్కన కత్తి పిడి ఒరుసుకుని కాయ కాచింది. మాల్యాద్రి వేలికీ అదే చోట కాయ ఉండేది. ఆ కాయను సింగరయ్య చాలాసేపు చూశాడు. అతని కళ్లు చెమ్మగిల్లడం నాకు అద్దంలో కనిపించింది. తర్వాత కత్తి పడుకోబెట్టి, నెమ్మదిగా, ఇంకో గాటు పడకుండా ముగించాడు.

ముగ్గురూ అద్దంలో కనిపిస్తున్నారు. ఇద్దరు గుండ్లవాళ్లు, మధ్యలో అక్క.

"చెప్పు రా" అంది మస్తానమ్మ. గొంతు మామూలుగానే ఉంది. కొంగు చివర మాత్రం పిడికిట్లో నలుగుతోంది.

సింగరయ్య షాపంతా ఒకసారి చుట్టూ చూశాడు. రెండో బ్రాంచికి ఏసీ ఎక్కడ పెట్టాలో కూడా ఆ గోడ మీద అతను ముందే చూసుకున్నాడని నాకు తెలుసు. చివరికి నా దగ్గరికి వచ్చి, నా చేతి మీద ఒక దెబ్బ వేశాడు. ఠంగుమని మోగాను.

"ఈ షాపు నాకెందుకక్కా. కుర్చీ చూడు, మొత్తం చెదలు పట్టిపోయింది. డబ్బు, బంగారం తీసుకుంటా."

శేషఫణి గారు, జీవితమంతా అబద్ధాలను పట్టుకుని చీల్చి చెండాడిన మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. హజరత్తయ్య నా ఇనుప పాదం వంకా అన్న మొహం వంకా చూసి, "అవునక్కా, బాగా పట్టింది చెద" అన్నాడు. అన్న మాటకు తమ్ముడు అవునన్నది ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

మస్తానమ్మ ఏడుస్తూనే, "పోండి, పోండి, అయ్యవారు ఎండకు పడిపోతాడు" అని ఇద్దరినీ ఆటోలోకి తోసింది.

తర్వాత ముగ్గురూ కలిసి బ్యాంకుకూ, మిగతా ఆఫీసులకూ తిరిగారు, ప్లీడరు గారు రాసిన కాగితం మీద సంతకాలు పెట్టారు. కోర్టు మెట్లు ఎక్కలేదు. నేను ఇప్పటికీ మస్తానమ్మ చేతి కిందే ఉన్నాను. తోలు మూడుసార్లు మార్చారు, ఇనుము మాత్రం మద్రాసులో పోసినదే. తుప్పు పట్టానని ఎవరైనా అంటే నాకు రోషం వస్తుంది. ఆ ఒక్కరోజు మాత్రం, పోత ఇనుములో పుట్టిన నాకు, నిలువునా చెదలు పట్టిందన్నా ఎంతో గర్వంగా అనిపించింది.